చిటికెన వేలెడు సందులో మెరుపు

మెరుపయ్యకున్న పిచ్చి ఒక్కటే. రోజూ సాయంత్రం ఆరింటికి రెండు రాగి కడ్డీల మధ్య, చిటికెన వేలెడు సందులో, మెరుపును ఆరిపోకుండా నిలబెట్టాలి. వెలిగే గాజు గొట్టాల బోర్డులు బాగుచేసే మనిషి. ట్రాన్స్‌ఫార్మర్ పరీక్షకు అలా చేసేవాడంటే అర్థముంది. వీధిలో ఆ బోర్డులన్నీ చీకటైపోయి, చేతిలో పనే లేని ఈ ఏడాదిలో పిచ్చి మరీ ముదిరింది. జ్వరమొచ్చినా దుప్పటి కప్పుకుని వెలిగించాడు.

పిచ్చి ఆయనది, బాధ మేడమీద నర్సమ్మది. ఉద్యోగం అయిపోయింది, తోడున్న అక్క కిందటేడు కన్నుమూసింది. మిగిలినవి మసకబారిన కిటికీ, ఒక ఖాళీ మంచం, ఒక రేడియో. ఆరింటికి భక్తిపాటలు. సరిగ్గా అప్పుడే కింద మెరుపు లేచేది. రేడియోలో దేవుడు చిటపటలాడేవాడు.

నర్సమ్మ చేతికర్రతో నేలమీద మూడు పోట్లు పొడిచేది.

“నీ మెరుపు పాడుగాను! దేవుడి పాట కూడా విననివ్వవా?”

“అయిపోయిందమ్మా, ఆపేశా!”

“ఆ ఆపేదేదో వెలిగించకుండా ఉండొచ్చుగా?”

“వెలుగుతోందో లేదో చూసుకోవాలి కదమ్మా!”

ఒక వానరోజు స్నానాలగది గడప దగ్గర నర్సమ్మ జారిపడింది. మడమ మెలితిరిగింది. కర్ర మంచం పక్కనే ఉండిపోయింది. అరిచింది, వాన ఆ అరుపును మింగేసింది. తను పోతే ఎన్నాళ్ళకు తెలుస్తుందో లోకానికి అనుకుంది. ఆరయింది. గదిలో పాడుతున్న రేడియో చిటపటలాడింది. ఎంతకీ ఆగదే!

ఉన్నట్టుండి పాట తేటపడింది. మెట్లమీద అడుగులు. ఒక్క తోపుకు గడియ ఊడింది. చేతులకు రబ్బరు తొడుగులతోనే మెరుపయ్య!

“కర్ర చప్పుడు రాలేదమ్మా,” అన్నాడు రొప్పుతూ.

“వస్తే ఏం, రాకపోతే నీకేం?”

“రోజూ నిన్ను కనిపెట్టుకుని ఉండమన్నారు మీ అక్కగారు, పోయేముందు. ‘ఎలా ఉన్నావంటే దానికి ఒళ్ళుమంట, దానికి తెలియకుండా చూడు’ అన్నారు. నీచేత తిట్టించుకోడానికి నాకొచ్చిన విద్య ఆ మెరుపొక్కటేగా తల్లీ!”

నర్సమ్మ చూపు అక్క ఖాళీ మంచం వైపు మళ్ళింది.

మర్నాడు ఆరింటికి, కాలికి కట్టుతో, మంచంమీంచే మూడు పోట్లు పొడిచింది.

“అయిపోయిందమ్మా, ఆపేశా!”

“అప్పుడేనా? నేనింకా తిట్టనే లేదు. మళ్ళీ వెలిగించు!”