దోన్యా ఎర్మినియా కారుకు పొడుగు క్రాంకు

మా ఊరి మెకానిక్కు సందాలియో ఎచెగరాయ్ దృష్టిలో లోకంలోని సమస్త కష్టాలకూ కారణం ఒక్కటే: క్రాంకు పొట్టిది కావడం.

అర్జెంటీనాలోని మా పంపా మైదానంలో కొండల్లేవు, మలుపుల్లేవు, కార్లు తప్ప కాలక్షేపం లేదు. ఊళ్ళో సగం మందికి పాత ఆరు సిలిండర్ల ఫాల్కన్ కార్లే. వైపరు బాగుచేయించుకుందామని సందాలియో షెడ్డుకు వెళ్ళినవాడు కూడా ఇంజను విప్పించుకునిగాని బయటపడేవాడు కాదు. సందాలియో చిన్న ఇంజనులో పిస్టన్లను ఆడించే క్రాంక్‌షాఫ్టు ఊడదీసి, దాని పెద్దన్న ఇంజనుది తెచ్చి పెట్టేవాడు. దాని మోచేతులు పొడుగు గనక పిస్టన్లు ఇంకాస్త పైకెక్కి, ఇంకాస్త కిందికి దిగి, బండి గట్టిగా లాగుతుంది. దానికి తగ్గట్టు పిస్టన్లు కూడా మార్చాలి. "క్రాంకు మార్చి పిస్టన్లు మార్చనివాడు స్నానం మానేసి చొక్కా మార్చినవాడితో సమానం" అన్నది అతని వేదవాక్యం.

నాది మందుల దుకాణం. ఒకసారి మెట్లెక్కితే ఆయాసం వస్తోందన్నాను.

"క్రాంకు పొట్టి" అన్నాడు.

మా ఫుట్‌బాల్ జట్టు ఓడిపోయింది. క్రాంకు పొట్టి. ఫాదరుగారి ప్రసంగానికి జనం నిద్రపోయారు. క్రాంకు పొట్టి. ఒకరోజు అతని భార్య నెలీదా పొయ్యి దగ్గర నిలబడి, "ఇంకోసారి ఆ మాట అన్నావంటే ఈ కెటిలు నీ నెత్తిన పడుతుంది" అంది.

"పడదు. అంత దూరం విసరాలంటే నీ క్రాంకు..."

నెలీదాకు ఆ లోపం లేదని వెంటనే రుజువైంది.

ఇక దోన్యా ఎర్మినియా సంగతి. ఆవిడ రిటైరైన పంతులమ్మ. డెబ్బై తొమ్మిదేళ్ళు. ప్రతి ఆదివారం పక్క సీట్లో జామపండు మురబ్బా నింపిన పస్తాఫ్రోలా కేకు పెట్టుకుని, చూపు పోయిన చెల్లెలికి వారం పేపర్లన్నీ చదివి వినిపించడానికి పక్క ఊరు వెళ్ళేది. ఆ దారిన బస్సు లేదు. "వేగంగా వెళ్తే రోడ్డు మీద తక్కువసేపు ఉంటాం, ప్రమాదం తగ్గుతుంది" అన్నది ఆవిడ సిద్ధాంతం. ఈ సిద్ధాంతబలంతోనే ఒక ఆదివారం క్లబ్బువాళ్ళు బోచాస్ బంతులాట ఆడుతున్న మైదానంలోకి కారుతో సహా ప్రవేశించింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆవిడ అద్దం దించి, "ఎవరు గెలుస్తున్నార్రా?" అని అడిగిందట.

ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు రుఫీనో ఆవిడ పాత శిష్యుడు. ఆవిడ ఇంటికొచ్చి గుమ్మం బయటే నిలబడి చెప్పాడు.

"టీచరుగారూ, శుక్రవారం పరీక్ష. మోటారు సైకిలు మీద మీ వెనకే వస్తాను. గంటకు ఎనభై కిలోమీటర్లు దాటారా, లైసెన్సు రద్దు."

"ఏడో ఎక్కం రానివాడివి, నువ్వు నాకు పరీక్ష పెడతావురా!"

అని, తిన్నగా సందాలియో దగ్గరికొచ్చింది. "ఒరేయ్ సందాలియో, నీ దగ్గరున్న అన్నిటికన్నా పొడుగు క్రాంకు పెట్టు. వాడు నన్ను అందుకుంటేగా నా వేగమెంతో తెలిసేది!"

"అలాగే టీచరుగారూ." ఆ సాయంత్రమే బార్‌లో ప్రకటించాడు: ఇంతవరకు ఎవరికీ పెట్టనంత పొడుగుది పెడుతున్నానని.

శుక్రవారం ఊరంతా రోడ్డు పక్కన చేరింది. ఆవిడ తలకు రుమాలు బిగించి, ఆక్సిలరేటరు నేలకంటా నొక్కింది. కారు కదిలింది. రొట్టెల దుకాణం పెద్రాసా సైకిలు మీద మొదట కాసేపు పక్కనే సాగి, చెల్లెలి ఆరోగ్యం అడిగి, వెనుదిరిగాడు. రుఫీనో మీటరు చివరిదాకా అరవై దాటలేదు.

కారు దిగుతూనే ఆవిడ చెవి మెలిపెట్టింది. ఇన్‌స్పెక్టరు చెవి.

"నూట ముప్పైలో నా తోక పట్టుకుని వస్తావురా? చస్తే? మీ అమ్మకు చెబుతానుండు!"

"ఇంకెప్పుడూ రాను టీచరుగారూ" అంటూ రుఫీనో లైసెన్సు ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి బార్‌లో సందాలియోకు జరిగిన సన్మానం అంతా ఇంతా కాదు. "మా కోడిపుంజుకో పొడుగు క్రాంకు పెట్టవయ్యా, మరీ ఉరుకుతోంది!" "క్రాంకు పొట్టా, బుర్ర పొట్టా?" క్రాంకు మార్పించుకోవడానికి అప్పటికే ఒప్పుకున్న ఇద్దరు తమ కార్లు వెనక్కి తీసుకెళ్ళారు. అతను గ్లాసు ఖాళీ చేసి, డబ్బులిచ్చి ఇంటికి నడిచాడు.

మర్నాడు షెడ్డుకు వెళ్ళాను. ఆవిడ కారుకు తయారైననాటి నుంచీ ఉన్న పొడుగు క్రాంకు బల్ల మీద పడుంది. ఎవరి ఇంజనులోంచో తీసి గోడకు వేలాడదీసిన పొట్టి క్రాంకు మాయమైంది.

"పొట్టిది పెట్టావా?"

"చీకట్లో పొరపాటు పడ్డాను."

"పిస్టన్లు?"

"మార్చడం మరిచిపోయాను." అంటే పాత పిస్టన్లు పైదాకా ఎక్కవు, ఇంజను సగం ఊపిరితో నడుస్తుంది. స్నానం మానేసి చొక్కా మార్చినవాడు!

"ఆవిడ మీటరు నూట ముప్పై ఎందుకు చూపించింది?"

"దాని పళ్ళచక్రం మారడం కూడా పొరపాటే. వయసు మీద పడుతోందయ్యా" అంటూ నాకు మాతే టీ అందించాడు. "బార్‌లో అన్నావంటే మాత్రం, నీ ఆయాసానికి విప్పాల్సింది నీ ఇంజనే."

మరుసటి ఆదివారం ఇద్దరం రోడ్డు వార నిలబడ్డాం. దోన్యా ఎర్మినియా కారు తాపీగా, గంభీరంగా వచ్చింది. లోపల ఆవిడ పళ్ళు బిగించి, స్టీరింగును రెండు చేతులా పట్టుకుని, పస్తాఫ్రోలా జారకుండా మోచెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

సందాలియో నన్ను భుజం పట్టి వెనక్కి లాగాడు. గాలి లేదు, పక్కన గడ్డిపరక కూడా కదల్లేదు. అతను మాత్రం ఆవిడ దాటి వెళ్ళేదాకా, ఎగిరిపోతుందేమోనన్నట్టు, రెండు చేతులతో తన టోపీని గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.