సన్యాసి పెట్టని సంతకం

సన్యాసి బర్మాలో, ఇప్పుడు యాంగోన్ అంటున్న రంగూన్ శివారు ఇన్సేన్‌లో పుట్టాడు. రేవులో మూటలు మోయడానికి తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. తండ్రి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశాడు. అరవై ఒక్కేళ్ల సన్యాసి ముప్పై ఏళ్లుగా టాక్సీ నడుపుతున్నాడు. లైసెన్సు మీద బర్మా పేరు ఉంటుంది, ఇంట్లో మాత్రం సన్యాసే.

యాంగోన్‌లో బళ్లు రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి. చాలావరకు జపాను నుంచి వచ్చిన పాత బళ్లు కాబట్టి స్టీరింగు కూడా కుడివైపే ఉంటుంది. ముందున్న లారీని దాటాలంటే ఎడమ సీటులో ఉన్నవాళ్లు తల బయటపెట్టి చూసి చెప్పాలి. భార్య దేముడమ్మ బండిలో ఉన్నప్పుడల్లా ఆ పని ఆమెదే. "ఇప్పుడెల్లు మావా" అంటే వెళ్లడం, "ఆగు" అంటే ఆగడం. ఆ విషయంలో వాళ్లకు ఏనాడూ తగాదా రాలేదు.

సైన్యం అధికారం తీసుకుని రెండో ఏడు నడుస్తోంది. ఎండాకాలం. కరెంటు నాలుగు గంటలుంటే నాలుగు గంటలుండేది కాదు. పెద్ద రోడ్డు మీది చికెన్ రెస్టారెంటులో జనరేటరు, ఏసీ, బల్లల కింద ప్లగ్గులు ఉండేవి. జనం ఒక కోక్ కొనుక్కుని ఫోన్లూ బ్యాటరీలూ తగిలించి పూటంతా కూచునేవారు. ఒకామె రైస్ కుక్కర్ కూడా పట్టుకొచ్చిందని చెప్పుకునేవారు. చివరికి యజమానులు గేటు దగ్గర, బండి వచ్చిన టైము అచ్చువేసే టిక్కెట్టు యంత్రం పెట్టారు. బండి గంటకు మించి నిలిపితే జరిమానా.

నది అవతల తన్లిన్‌లోని చెల్లెలితో మాట్లాడ్డానికి దేముడమ్మకు ఫోనులో చార్జింగు కావాలి. పనిలో పని వేయించిన కోడీ తినాలనుంది. ఇద్దరూ బయలుదేరారు. దారిలో సైనికులు రోడ్డు ఆపి నలభై నిమిషాల పైగా తనిఖీ చేశారు. దాటుకుని రెస్టారెంటు గేటుకు చేరేసరికి పన్నెండూ ఐదు. అక్కడ నిలబడ్డ గార్డు, నలభై ఏళ్లు దాటిన ఆడమనిషి, కిటికీలోంచి టిక్కెట్టు అందించింది. దేముడమ్మ దాన్ని చూడకుండా సంచిలో పడేసింది.

యాభై నిమిషాలకు బయటికొస్తే, బయటిగేటు దగ్గర కుర్ర మేనేజరు టిక్కెట్టు చూసి బండి ఆపాడు. దాని మీద పదకొండూ ఇరవై అని ఉంది.

"గంటా ముప్పై అయిదు నిమిషాలు, ఊలే" అన్నాడు. ఊలే అంటే బర్మా మాటలో బాబాయి.

"పదకొండున్నరకి నేను ఇంకా రోడ్డు మీద తనిఖీలో ఉన్నాను బాబూ."

"సాక్ష్యం?"

"తుపాకీ పట్టుకున్న కుర్రాణ్ణి అడుగుతావా?"

మేనేజరు నవ్వలేదు. జరిమానా కట్టి, 'నేను సమయం మించి బండి నిలిపాను' అన్న కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. దేముడమ్మ అప్పటికే కొంగుముడి విప్పింది.

"ఇదిగో, ఇచ్చీసి ఎల్లిపోదుం."

"డబ్బులిచ్చీగల్ను. సంతకం ఎట్టను."

"ఏటి మావా, గీతే గదా!"

మేనేజరు అద్దం దగ్గరున్న టాక్సీ కార్డు తీసుకున్నాడు. సంతకం పెట్టిన రోజున ఇస్తానన్నాడు. ఆ కార్డు లేకుండా సన్యాసి మనిషిని ఎక్కించుకోలేడు. దారిలో ఎవరైనా ఆపి చూపించమన్నా చిక్కే.

ఇంటికొచ్చాక దేముడమ్మ వేడిగానే మాట్లాడింది. "కోడి కన్నా జరిమానా ఎక్కువైపోనాదని ఏడుపా? బండి గుమ్మంలో ఎట్టుకుని పూజ సేస్తావేటి?"

"టిక్కెట్టు నీ సేతికే గదా ఇచ్చినాది. టైము సూడ్లేదేటి?"

"కళ్లజోడు లేకుండా నీ మొకమే కనబడదు నాకు."

"అదృష్టమంతురాలివి" అన్నాడు సన్యాసి. ఆమె నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది.

సంతకం సంగతి ఆమెకూ తెలుసు. ఎనభై ఎనిమిదిలో సైనిక ప్రభుత్వం మీద వర్క్‌షాపు కార్మికులంతా రోడ్డెక్కినప్పుడు సన్యాసి తండ్రీ వాళ్లతో నడిచాడు. అణచివేత తర్వాత 'నేను వెళ్లలేదు' అని రాసున్న కాగితం మీద సంతకం పెట్టి ఉద్యోగం నిలుపుకున్నాడు. ఆ ఉద్యోగంతోనే ఇంటిల్లిపాదీ బతికారు. ఆయన్ను ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత జీతాల రోజున కాగితం ముందుకు తోస్తే చాలు, కాసేపు పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయేవాడు. సన్యాసి ఒకసారి వెంట వెళ్లి అది చూశాడు. అప్పటికి అతనికి ఇరవై ఎనిమిదేళ్లు.

మర్నాడు పదిన్నరకు సన్యాసి బస్సులో రెస్టారెంటుకు వెళ్లి గేటుకి ఎదురుగా నీడలో నిలబడ్డాడు. యంత్రం లోపలికెళ్లే దారికి ఎడమపక్కన ఉంది. స్టీరింగు కుడివైపున్న బండిలో ఒక్కడే వచ్చిన మనిషికి అది అందదు. బెల్టు విప్పి పక్కసీటు మీద పడుకోవాలి. ఈలోగా వెనక హారన్లు. అందుకని గార్డు ముందుగానే మీట నాలుగైదుసార్లు నొక్కి టిక్కెట్లు జేబులో పెట్టుకుని, వచ్చిన బండికల్లా ఒకటి చొప్పున ఇస్తోంది. మామూలుగా అవి రెండు మూడు నిమిషాల్లో అయిపోతాయి. నిన్న రోడ్డు ఆపేయడంతో ముప్పావు గంట బళ్లు రాక, నొక్కినవి జేబులోనే ఉండిపోయాయి.

సన్యాసి రోడ్డు దాటి వెళ్లాడు. ఆమె అతన్ని గుర్తుపట్టింది. అతను చూపు తన జేబు మీదికి తిప్పగానే చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మేనేజరుతో చెప్పకండి ఊలే" అంది మెల్లగా. "తెలిస్తే తీసేస్తారు. పదహారేళ్లు బడిలో లెక్కలు చెప్పాను. సైన్యం వచ్చాక సమ్మెలోకి వెళ్లి, మళ్లీ చేరలేదు. నాకు ఇంకెవరూ పని ఇవ్వరు."

చేరి ఉంటే ఆమె ఏ కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చేదో సన్యాసి అడగలేదు. పేరు మాత్రం అడిగాడు. మ తీడా అంది. 'మ' అక్కడ ఆడవాళ్ల పేరు ముందు పెట్టే మాట.

అతను లోపలికి వెళ్లి మేనేజరును పిలిచాడు.

"సంతకం పెడతారా?"

"అలా గేటు దాకా రా బాబూ. నీ బండిలోనే రా."

మేనేజరు బండి కూడా కుడి స్టీరింగుదే. అతను రోజూ ఉద్యోగుల గేటులోంచి వస్తాడు. సన్యాసి వెనక సీటులో కూచుని ముందుగేటు వైపు తిప్పించాడు. మ తీడాను పక్కకి జరగమని చెయ్యి ఊపాడు.

"ఇప్పుడు టిక్కెట్టు తీసుకో."

మేనేజరు చెయ్యి చాచాడు. అందలేదు. ఒరిగాడు. బెల్టు ఆపింది. విప్పుకుని పక్కసీటు మీద మోచెయ్యి ఆనించి కిటికీలోంచి వేలు సాచేసరికి వెనక మూడు బళ్లు చేరి హారన్లు మొదలెట్టాయి. చొక్కా బయటికొచ్చేసింది. టిక్కెట్టు తీసుకుని సీటులో కూలబడ్డాడు.

"మరి రోజూ ఇన్ని బళ్లు ఎలా..." అంటూ గేటు వైపు చూశాడు. మ తీడా కదలకుండా నిలబడి ఉంది.

"ఆమె గాని లేకపోతే హారన్లు విమానాశ్రయం దాకా వినబడేవి" అన్నాడు సన్యాసి. "యంత్రం అక్కడ పెట్టించింది ఎవరు?"

మేనేజరు అద్దంలోంచి అతన్ని చూశాడు. "విదేశం నుంచి ప్లాను వచ్చింది. దాంట్లో ఉన్నట్టే పెట్టించాను."

"వాళ్ల బళ్లకి స్టీరింగు ఎడమవైపు ఉంటుంది కాబోలు. పై ఆఫీసుకి నేనేం చెప్పనులే. నువ్వూ ఎవర్నీ ఏం అడగకు. నా కార్డు ఇచ్చేయ్."

వెనక మళ్లీ హారను మోగింది. మేనేజరు బండి లోపలికి పోనిచ్చి నిలిపాడు. ఆఫీసులో జరిమానా కాగితం చింపి బుట్టలో వేశాడు. కార్డును చొక్కా అంచుతో తుడిచి మరీ ఇచ్చాడు. సన్యాసి దాన్ని రెండుసార్లు తిప్పి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి బస్సులో నిలబడే వెళ్లాడు, అయినా దారి పొడుగునా ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నాడు.

రెండు వారాలకు మళ్లీ కరెంటు లేని మధ్యాహ్నం వాళ్లిద్దరూ అక్కడికి వెళ్లారు. యంత్రం కుడిపక్కకి మారింది. పాత చోట సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. మ తీడా గొడుగు వేసుకుని లోపల బళ్లకు ఖాళీ చోటు చూపిస్తోంది. సన్యాసి అద్దం దించి కుడిచెయ్యి సాచి, తనే మీట నొక్కి టిక్కెట్టు తీసుకున్నాడు.

"ఎలా ఉన్నారు సయామా?" అన్నాడు ఆమె దగ్గరికొచ్చాక, గొంతు తగ్గించి. బర్మాలో పంతులమ్మని అలా పిలుస్తారు. ఆమె అటూ ఇటూ చూసి, గొడుగు కాస్త వంచి నవ్వింది. చెట్టు నీడలో ఉన్న చోటు చూపించింది.

బండి నిలిపాక కూడా సన్యాసి టిక్కెట్టు పట్టుకునే ఉన్నాడు.

"పన్నెండూ పది" అన్నాడు. గడియారం చూసుకున్నాడు. "పన్నెండూ పదే."

"ఏటి, దానికి పటం కట్టిస్తావా?" అంది దేముడమ్మ, చార్జరు వైరు చేతికి చుట్టుకుంటూ. "దిగు. గంటే గదా ఉన్నాది, కోడి తినాల."

అతను టిక్కెట్టును టాక్సీ కార్డు వెనక జాగ్రత్తగా దోపి దిగాడు.