చౌడు మడిలో పదకొండో నంబరు

సాతూ బాజీ నాకు పెద్ద తోడికోడలు. నేను కాపురానికి వచ్చేనాటికి ఆమె వీపున నాలుగో బిడ్డ ఉంది. ఆ బిడ్డతోనే నాట్లు వేసేది, ఆ బిడ్డతోనే కోత కోసేది. మా వైపు మగవాళ్లు పొడవాటి పారతో బోదెలు తీస్తారు. ఆ తర్వాత నారు దగ్గర్నుంచి గాదె దాకా అంతా ఆడవాళ్లదే.

ఉప్పుటేటి ఒడ్డున ఆమెకి మూడు మళ్లు ఉండేవి, పెళ్లప్పుడు మా అత్త ఇచ్చినవి. వానలు ఆలస్యంగా రావడం, తొందరగా వెళ్లిపోవడం మొదలయ్యాక, కడిగేసే నీళ్లు లేక మళ్లల్లో ఉప్పు నిలిచిపోయింది. రెండేళ్లకి నేలంతా తెల్లగా ఉప్పు పేరుకుపోయింది. పక్క మళ్లవాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు. కొందరు రాజధాని డకార్‌లో ఇళ్లల్లో పనికి వెళ్లిపోయారు.

"ఆ మళ్లు చచ్చాయే. ఏటికి దూరంగా ఉన్న పైమళ్లు చేసుకో చాలు," అంది అత్త.

"చచ్చాయని నువ్వంటే సరిపోద్దా అత్తా. నేనింకా ఏడవలేదుగా," అంది సాతూ అక్క.

ఆ వేసవంతా మొగుడు అన్సుమానాతో కలిసి ఏటి గట్టు ఎత్తు పెంచింది. అయినా మా పాత వరి ఆ చౌడుకి తట్టుకోలేదు. నాటిన పది రోజులకే ఆకు కొసలు ఎర్రబడి ఎండిపోయేవి.

అప్పుడొచ్చాడు వాలీ సెన్, వ్యవసాయ శాఖ మనిషి. పద్నాలుగు రకాల వరి విత్తనం సంచుల్లో తెచ్చాడు, ఏ రకానికీ పేరు లేదు, నంబర్లే. అతను సెరేర్ జాతివాడు, వాళ్ల తిండి సజ్జలు. మా జోలాలకీ వాళ్లకీ వేళాకోళం ఆడే వరస, తిట్టుకోకపోతే పలకరించుకున్నట్టే కాదు.

"సజ్జలు మింగే నోటికి వరి సంగతేం తెలుసురా?" అంది సాతూ అక్క అతను మోటారుసైకిల్ దిగకముందే.

"నా బానిసలు అన్నం తింటున్నారో లేదో చూద్దామని వచ్చా," అన్నాడు అతను.

నీరు నిలిచే మంచి పైమడి ఒకటి చూపించమన్నాడు. ఆమె ఏటి ఒడ్డుకి తీసుకెళ్లి చౌడుమడి చూపించింది.

"ఇక్కడ వేస్తే నా పద్నాలుగూ పోతాయి. పైవాళ్లకి నేనేం చెప్పుకోవాలి?"

"మంచి మడిలో ఏది వేసినా పండుద్ది. దానికి నువ్వెందుకు మాకు?"

చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ఒక్కో రకంలో సగం విత్తనం పైమడిలో, సగం చౌడుమడిలో వెయ్యడానికి ఒప్పుకున్నాడు. చౌడుమడిలో కలుపు తీసేదీ నీళ్లు తిప్పేదీ తనేనని, పోతే మాట తనే పడతానని ఆమె నలుగురిలో చెప్పింది.

చౌడుమడిలో నెల తిరిగేసరికి తొమ్మిది రకాలు పోయాయి. ఇంకో మూడు గొడ్డుగా నిలబడ్డాయి. కంకి వేసినవి రెండే. వాటిలో పదకొండో నంబరు నడుం ఎత్తు పెరిగింది. వెన్ను మరీ బరువు కాదు గానీ గింజ నిండుగా ఉంది.

కోతకి ముందు బిగ్నోనా పట్నం నుంచి పెద్ద ఆఫీసరు వచ్చాడు. ఊళ్లో ఆడవాళ్లం ఇరవైమందిమి చేరాం. ఒక్కొక్కళ్లకీ ఎర్రగుడ్డ పీలిక ఇచ్చి నచ్చిన వరికి కట్టమన్నారు. పైమడిలో నాలుగో నంబరు వెన్నులు బరువుకి వంగి కళ్లు చెదిరేలా ఉన్నాయి. అందరం దానికే కట్టాం. దాచడమెందుకు, నేనూ దానికే కట్టాను. సాతూ అక్క ఒక్కతే చౌడుమడిలోకి దిగి పదకొండుకి కట్టి వచ్చింది.

"ఒక్క ఓటు," అన్నాడు ఆఫీసరు నవ్వి.

"మీరు గింజ చూశారు. వండి చూశారా?" అంది ఆమె. "అంతకుముందు ఒకసారి నాలుగో నంబరు కోసి చూడండి."

కోతకత్తి అతని చేతిలో పెట్టింది. మేం వెన్ను వెన్నూ తెంపి కోస్తాం. నాలుగో నంబరు మోకాలి ఎత్తే. పది వెన్నులు కోసేసరికి అతను నడుం పట్టుకున్నాడు.

"వీపున బిడ్డ లేకుండానే ఇలా ఉంటే ఎలా అయ్యా?" అంది మా అత్త. వాలీ సెన్ మొహం పక్కకి తిప్పుకుని నవ్వుకున్నాడు.

ఆ రోజే రెండు రకాలూ దంచి, వేర్వేరు కుండల్లో వండాం. వేడి మీద రెండూ బాగున్నాయి. సాతూ అక్క మాత్రం చెరి సగం తీసి మూత పెట్టింది. అతిథులు ఊళ్లోనే పడుకున్నారు. తెల్లారి పొలానికి వెళ్లేముందు మేం తినేది ఆ చద్దన్నమే కాబట్టి వాళ్లకీ అదే పెట్టింది. నాలుగో నంబరు రాళ్లలా బిగిసిపోయింది. పదకొండు మెత్తగా, పొడిపొడిగా ఉంది. ఆఫీసరు పదకొండో నంబరు గిన్నె ఖాళీ చేశాడు.

"ఇప్పుడు మళ్లీ కట్టమనండి," అంది ఆమె. పందొమ్మిది పీలికలు ఏటి వైపు నడిచాయి. నాది అందరికంటే ముందుంది.

నాలుగో నంబరుని ఆమె తీసిపారెయ్యలేదు. "పైమళ్లున్నవాళ్లు వేసుకోండి, అది వాటి వరి," అంది. తను మాత్రం పదకొండో నంబరు విత్తనం కట్టలు కట్టి అటక మీద పొయ్యి పొగకి ఆరేసింది. మరుసటేడు రెండు మళ్లు, ఆ తర్వాత మూడూ. మానేసినవాళ్లు ఒక్కొక్కరే ఏటి ఒడ్డుకి తిరిగొచ్చారు. అవతలి ఒడ్డు ఊళ్ల నుంచి ఆడవాళ్లు పడవల్లో వచ్చి విత్తనం అడిగేవారు. ఆమె అమ్మేది కాదు. కట్ట తీసుకెళ్లినవాళ్లు పంటయ్యాక కట్ట తెచ్చివ్వాలి, వరి తమ నేలలో ఎలా పెరిగిందో కూర్చుని చెప్పాలి. మా చుట్టుపక్కల పదకొండో నంబరనే మాట పోయింది. సాతూ వరి అంటేనే తెలుస్తుంది.

నాలుగేళ్ల కిందట, నాట్లకి ముందు, గాదెలు అడుగంటే రోజుల్లో మా అత్త పోయింది. మామూలుగా ఆ కాలంలో ఎవరైనా పోతే కొట్టు నుంచి నూకబియ్యం బస్తాలు దిగాల్సిందే. సాతూ అక్క తన గాదె తలుపు తీసింది. మూడో రోజుకీ, ఎనిమిదో రోజుకీ మూడూళ్ల జనం వచ్చారు. చేపల పులుసుతో అందరూ కడుపు నిండా తిన్నారు. వచ్చినవాళ్లలో వాలీ సెన్ కూడా ఉన్నాడు. మూడోసారి వడ్డించమని గిన్నె చాపాడు.

"సజ్జలు మానేశావా?" అంది ఆమె, ఏడ్చి ఎర్రబడిన కళ్లతో.

"ఈ ఇంటికి వచ్చినప్పుడు మానేస్తా," అన్నాడు.

ఆ ఎనిమిది రోజుల్లో మా వాకిట్లోకి బయటి బియ్యం బస్తా ఒక్కటీ రాలేదు. పెద్దల వరసలో కూర్చున్న ముసలాయన ఒకాయన, ఈ చావు ఏ ఇంటిదని అడిగినవాళ్లకి, "సాతూ బాజీ ఇల్లు," అని చెప్పడం నేను విన్నాను. అప్పటిదాకా మా ఇంటిని ఎవరూ ఆడమనిషి పేరుతో పిలవలేదు.