తొమ్మిదులు తీసేస్తే

నౌపడలో మా నాన్నది ఉప్పు వ్యాపారం. దుకాణం వెనక అరుగు మీద కూర్చుంటే రైలు పట్టాలు, వాటికవతల ఉప్పు మడులు. మధ్యాహ్నం వేళ ఆ తెలుపంతా కళ్లలోకి దిగి, మెలకువో కునుకో తెలిసేది కాదు. సిగ్నల్ కోసం గూడ్సు బండి ఆగితే చాలు, నాన్న నా చేత పెట్టె మీది నంబరు చదివించేవాడు. పదకొండంకెల పొడుగాటి సంఖ్య. దాన్ని తొమ్మిదితో భాగిస్తే ఎంత మిగులుతుందో చెప్పాలి.

"భాగారం ఎందుకే గుంటా? అంకెలు కూడుకుంటూ పో. తొమ్మిదయితే ఒగ్గీ. ఆకర్న మిగిలిందే జవాబు."

ఎంత కొండంత సంఖ్యయినా అలా తొమ్మిదులు వదిలేస్తూ పోతే కరిగి కరిగి ఒక్క అంకెకి వచ్చేది. అంకెల్ని అటూ ఇటూ మార్చి చదివినా అదే మిగిలేది. నాకది కలలో జరిగినట్టుండేది.

ఈ ఏడు నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. మనం చెప్పేది తెలుస్తోందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నాడు శ్రీకాకుళం డాక్టరు. మాట పోతే పోనీ, నేనెవరో తెలియాలి కదా! "నేను తెలుసా నాన్నా?" అంటే గోడకేసి చూసేవాడు.

ఓ మధ్యాహ్నం ఆయన్ని కుర్చీలో అరుగు మీదికి తెచ్చాను. బండి ఆగి ఉంది. ఆయన ఎడమచేతి కింద నా అరచెయ్యి పెట్టి, "ఎంత మిగిలితే అన్నిసార్లు తట్టు నాన్నా" అని నెమ్మదిగా చదివాను. మూడు, ఒకటి, రెండు, ఐదు, నాలుగు, సున్నా, ఏడు, ఆరు, ఐదు, సున్నా, మూడు.

తట్టలేదు. చాలాసేపటికి నా అరచేతిని వేళ్లతో ఒకసారి తుడిచి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పో అన్నట్టు.

అయిపోయిందనుకున్నాను. మంచాన పడ్డ మనిషికి పరీక్షలేమిటి, నా తలకాయ! ఏడుస్తూనే అలవాటుకొద్దీ అంకెలు కూడుకున్నాను. ఐదూ నాలుగూ తొమ్మిది, పోయింది. రెండూ ఏడూ, పోయింది. మూడూ ఆరూ, పోయింది. ఒకటీ ఐదూ మూడూ, అవీ తొమ్మిదే.

ఏమీ మిగలకపోతే ఏం తడతాడు? అరచెయ్యి తుడిచి జవాబు చెప్పాడు మహానుభావుడు. లెక్క చేసుకోకుండా అడిగిన మొద్దుని నేను. ఈసారి ముందే కూడుకుని పక్క పెట్టె నంబరు చదివాను. మూడు మిగలాలి. మూడుసార్లు తట్టాడు, కాస్త విసుగ్గా.

"అమ్మా! నాన్నకి అన్నీ తెలుస్తున్నాయమ్మా!"

అమ్మ తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. నేను సంగతి చెబుతుంటే సంతోషంతో నవ్వుతూ విన్నది. విని, ఉన్నట్టుండి ఆయన ముందు కూలబడింది.

"అయితే నానేడిసిందీ, ఇలా ఉండీకంటే పోతేనే నయమన్నదీ... అంతా ఇన్నారేటి?"

నాన్న ఎడమచెయ్యి ఎత్తాడు. ఆవిడ ముఖం అందలేదు. అమ్మే వంగింది.