తాతయ్య సరిచేసిన రాయి

మా వీధిలో ఎవరైనా గోడలకి సున్నం వేయిస్తుంటే ఆ తడి వాసనకి నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వట్లూరు అవతల మా మెట్ట చేను, గట్టు దాటితే బంజరు, అందులో పక్కకి ఒరిగిన నిలువురాయి, దాని దగ్గర సున్నపు బకెట్టుతో మా తాతయ్య గుర్తుకొస్తారు.

రాజులూ గుళ్ళూ లేని కాలంలో మనుషులు చనిపోయినవాళ్ళ గుర్తుగా ఆ రాయి నిలిపారని తాతయ్య చెప్పేవారు. మేం పిల్లలం మాత్రం వేసవి సెలవుల్లో పొద్దున్నే దాని వాలు మీద జారి గౌన్లు చింపుకుని, ఎండెక్కాక అది ఒరిగిన వైపు జానెడు నీడలో ఇరుక్కుని కూర్చుని, తాటిముంజలు బొటనవేలితో తోడుకు తిని, మోచేతుల దాకా కారిన నీళ్ళు ఆ రాతికే రాసేవాళ్ళం. క్రిస్మస్‌కి నానమ్మ వండిన గులాబీ పువ్వులు పొట్లం కట్టుకుని అక్కడికే పరిగెత్తేవాళ్ళం.

ఊళ్ళోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. చుట్టూ చేలన్నీ ప్లాట్లవుతుంటే, రిటైరైన మాస్టారు మా తాతయ్య, ఆ రాయిని కాపాడమని పురావస్తు శాఖకి అర్జీ మీద అర్జీ పెట్టారు. నేను అయిదో తరగతిలో ఉండగా చివరికి ఆఫీసరుగారు చూడ్డానికి వస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. ఇంట్లో పెళ్ళిచూపులంత హడావిడి మొదలైంది. ఎవరింటికెళ్ళినా గోడ మీద వంకరగా ఉన్న క్యాలెండరు సరిచేస్తే గానీ కూర్చోని మనిషి తాతయ్య.

"ఏవండీ, ఇన్నాళ్ళూ అలాగే ఉందిగా, ఇప్పుడెందుకండీ దాని జోలికి?" అంది నానమ్మ.

"అంత పెద్దాయన వస్తుంటే అలా ఒరిగుంటే ఏం బావుంటుంది?" అన్నారు తాతయ్య.

ట్రాక్టరుకి గొలుసు కట్టి లాగించి, మొదలు తవ్వించి, రాయిని నిటారుగా నిలబెట్టి సిమెంటు పోయించారు. తవ్వకంలో వచ్చిన నలుపూ ఎరుపూ కుండపెంకుల్ని చెత్త అనుకుని తట్టలకెత్తి కాలవలో పారబోయించారు. రెండు తట్టలు నేనే మోశాను. పైన రెండు పూతలు సున్నం. మేం చప్పట్లు కొట్టాం.

మర్నాడు ఆఫీసరుగారు రాయి చుట్టూ తిరిగి, కూర్చుని సిమెంటుని వేలితో తట్టి చూశారు.

"దీన్నెవరు కదిపారండీ, మాస్టారూ?"

"మేమేనండీ. మీరొస్తున్నారని."

"కింద ఉన్నదేనండీ అసలు సాక్ష్యం. అది పోయాక నేనేం రాయనండీ?"

కాఫీ తాగి వెళ్ళిపోయారు. తాతయ్య మళ్ళీ ఎప్పుడూ రాయి ఊసెత్తలేదు. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు దాన్ని దాని మానాన వదిలేస్తే ఏం పోయేదని ఆయన్ని అడగలేకపోయాను. ఆయన పోయారు, ఆ కోపం మాత్రం నాకు పోలేదు.

మొన్న వెళ్ళి చూశాను. బంజరంతా ఇళ్ళు. రాయిని పగలగొట్టి ఎవరి పునాదుల్లోనో వేసుకున్నారట. తాతయ్య పోయించిన సిమెంటు దిమ్మ మాత్రం ఎంత తవ్వినా రాలేదట. సందు మధ్యలో అలాగే ఉంది, స్కూటర్లు దాన్ని తప్పించుకుని పోతున్నాయి.