మా ఆయన చొక్కాలో ఇనుప రజను

తొంభైల మొదట్లో మేం ఫరీదాబాద్‌లో ఉన్న గల్లీకంతా ఒక్కటే చేతిపంపు. దాని పక్కన బట్టలుతికే రాళ్ళు నాలుగు. ఒకటి నాది, దాన్నానుకున్నది ఎదురింటి దీదీది. మా ఆయనా, ఆవిడ భర్తా ఒకే ఫ్యాక్టరీలో పక్కపక్క లేత్ మిషన్ల మీద ఇనుప కడ్డీలు చెక్కేవాళ్ళు. కాబట్టి మా ఇద్దరి ఉతుకూ ఒక్కటే. నూనె మరకల్ని సబ్బుతో ఎలాగో వదిలించవచ్చు, కష్టమంతా రజనుతోనే. కడ్డీ తిరుగుతున్నప్పుడు లేచే సన్నటి ఇనుప తునకలు చొక్కా చేతుల మడతల్లో, జేబు అడుగున దిగబడి ఉండేవి. చూసుకోకుండా పిండితే వేళ్ళలో గుచ్చుకునేవి. అందుకని తడపకముందే దులిపి, మిగిలినవి తలపిన్నుతో తీసేదాన్ని.

ఒక ఏడాది దీదీ భర్త కోసం కర్వాచౌత్ ఉపవాసం చేసిన మర్నాడు, మా ఆయన చొక్కా దులిపితే ఏమీ రాలలేదు. ఆ తరవాతి రోజూ అంతే. నూనె జిడ్డు మాత్రం ఉంది.

నా చదువు మూడో తరగతితో ఆగింది గానీ, ఒకసారి చూసింది నా బుర్రలోంచి పోదు. ఆ జిడ్డు కూడా ఎప్పటిదిలా లేదు. కాలిన నూనె వాసన లేదు, పచ్చగా కొత్త గ్రీజులా ఉంది. అదీ పొట్ట మీదే. మిషను మీద వంగి పనిచేసేవాడికి మోచేతులకి అంటకుండా పొట్టకెలా అంటుతుంది?

“ఏమండీ, మిషను మార్చారా?” అనడిగాను.

“ఆఁ, మార్చారు.”

“రజను రాని మిషను కూడా ఉంటుందా?”

“నీకెందుకే అవన్నీ? అన్నం పెట్టు.”

ఎందుకో నాకూ తెలీదు, తెలుసుకోకపోతే తోచేలా లేదు. మర్నాడు పంపు దగ్గర దీదీ తన భర్త చొక్కా దులుపుతుంటే రాయి మీద రజను గలగలా రాలింది.

“మీ ఆయనకి అదే మిషనా, దీదీ?”

“ఇంకేది? అదే ఖటారా, డొక్కు మిషను!” అని నవ్వింది. అంతలోనే నవ్వు ఆపేసి, “మీ ఆయన నీకేం చెప్పలేదా?” అంది.

ఆ సాయంత్రం వదలకుండా అడిగితే ఆయన చెప్పారు. కొత్తగా వచ్చిన మేనేజరు ఆయన్ని మిషను మీంచి దింపేసి గేటు పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాడు. పని ఇవ్వడు. లేచి తిరగకూడదు. వాళ్ళ షాపులో, అంటే మిషన్లుండే షెడ్డులో, దక్షిణాదివాళ్ళు ముగ్గురే: మా ఆయన, ఒక తమిళాయన, ఒక మలయాళీ. ముగ్గురికీ మూడు స్టూళ్ళు. వచ్చేపోయే లారీలవాళ్ళు కూడా “ఓయ్ మదరాసీ, ఇడ్లీలు ఉడికాయా?” అనేవారట.

“మాది విశాఖపట్నం అని చెప్పలేకపోయారా?”

“ఎంతమందికని చెప్పను?” అన్నారు.

ఈ సంగతి నాకు తెలియకూడదని, ఇంటికి బయల్దేరేముందు గ్రీజు డబ్బాలో చెయ్యి ముంచి చొక్కాకి పూసుకునేవారట.

పంతొమ్మిదో రోజున మేనేజరు ఎదురుగా కాగితం పెట్టి, ‘సొంత ఇష్టంతో మానుకుంటున్నాను’ అని రాయించుకున్నాడు. మిగతా ఇద్దరూ రాసిచ్చి ఊళ్ళకి వెళ్ళిపోయారు. మా ఆయనా రాసిచ్చారు గానీ, రాత్రంతా కూర్చునే ఉన్నారు. “నేను మానలేదు, మాన్పించారు. ఈ మాట ఎవరైనా కాగితం మీద రాయాలి,” అన్నారు. అందుకోసమే లేబర్ కోర్టుకెక్కారు. అది మూడేళ్ళు నడిచింది.

యూనియన్ తరఫు వకీలు మంచాయన. “స్టూలు మీద కూర్చోబెట్టారని ఎవరు సాక్ష్యం చెబుతారు?” అన్నాడు. ఫ్యాక్టరీలో ఎవరూ రారు.

“నేను చెబుతాను,” అన్నాను.

“మీరు చూశారా, బహన్‌జీ?”

“స్టూలు చూడలేదు. చొక్కా చూశాను.”

ముందు నవ్వాడు. నేను రజను సంగతి చెబుతుంటే కలం మూత తీశాడు. అంతా రాసుకుని, “ఆ రెండో చొక్కా ఉతికినావిడని కూడా తీసుకురండి,” అన్నాడు. “పక్క మిషనతనికి పని ఉంది, మీ ఆయనకి లేదు అని తేలితేనే మదరాసీలని వేరుగా చూశారన్నది నిలబడుతుంది.”

దీదీని అడిగాను. చాలాసేపు పంపు కొడుతూనే ఉంది. “రేపు కూడా నా మనిషి ఆ గేటులోంచే కదా లోపలికెళ్ళాలి?” అంది. ఆ రోజు నా బకెట్లు కూడా తనే నింపి ఇచ్చింది.

కోర్టులో అంతా హిందీయే. నాదేమో పంపు దగ్గర నేర్చిన హిందీ. కంపెనీ వకీలు లేచాడు.

“చొక్కాకి జిడ్డు ఉండేదా?”

“ఉండేది.”

“రోజూనా?”

“రోజూ.”

ఆయన జడ్జి వైపు తిరిగి, “పనే లేనివాడికి జిడ్డెలా అంటింది, సాబ్?” అన్నాడు. మా ఆయన తల దించుకున్నారు. నాకోసం పూసుకున్న గ్రీజు ఆయనకే ఎదురు తిరిగింది.

“అది చేత్తో పూసుకున్న గ్రీజు, సాబ్. రజను లేదు,” అన్నాను.

“మూడేళ్ళ కిందటి చొక్కా గుర్తుందా? ఆ రోజు ఏం కూర వండావో కూడా గుర్తుందేమో!”

“సొరకాయ. సగం ఎదురింటికి ఇచ్చాను.”

అందరూ నవ్వారు. జడ్జిగారు మాత్రం ముందుకు వంగి, “రజను ఎక్కడ ఇరుక్కుంటుందమ్మా?” అనడిగారు. నా జాకెట్టు చెయ్యి మడిచి చూపించాను. ఆయన మేనేజరు వైపు చూసి, “లేత్ మీద పనిచేసేవాడి బట్టల్లో రజను లేకుండా ఉంటుందా?” అన్నారు. మేనేజరు అటూ ఇటూ చూసి, “లేకుండా ఉండదు, సాబ్,” అన్నాడు.

తీర్పు వచ్చిన రోజున వకీలు వరండాలో నిలబడి చదివి వినిపించాడు. సొంత ఇష్టంతో మానలేదు, మానేలా చేశారు, తిరిగి పనిలోకి తీసుకోవాలి అని ఉంది. మా ఆయన ఆ వాక్యం ఎక్కడుందో వేలు పెట్టి చూపించమని అడిగారు. చూపిస్తే అక్కడే చూస్తూ ఉండిపోయారు.

“మదరాసీలమనే ఇలా చేశారన్నది రాశారా?” అనడిగాను నేను.

వకీలు కాగితాలు తిప్పాడు. “అది రుజువు కాలేదు, బహన్‌జీ. ముగ్గురూ దక్షిణాదివాళ్ళే కావడం ఇత్తెఫాక్ అని రాశారు. అంటే, అనుకోకుండా అలా జరిగిందని.”

“షాపులో నలభైమంది ఉంటే అనుకోకుండా సరిగ్గా మేమే దొరికామా?”

ఆయన కాగితాలు మడుస్తూ, “ఇది మీరు బోనులో అనాల్సింది,” అన్నాడు.

“నన్నెవరూ అడగలేదు కదండీ,” అన్నాను.