కాడ మీద రెండు వేళ్లు

నా చిన్నప్పుడు, అరవైల నాటి ఒక వేసవి ఆదివారం సాయంత్రం. పెనుకొండ దగ్గర మా బావి గట్టు మీద ఉన్నవాళ్లం: మా నాయన, మా అవ్వ, హిందూపురంలో మోటార్లకు కాయిల్ చుట్టే మా మామ, ఎగువ తోట తాత, నేను.

అందరమూ అలసిపోయి ఉన్నాం. ఇంట్లో పట్టుపురుగులు గూడు కట్టే ముందు దశలో ఉన్నాయి. ఎంత ఆకు వేసినా చాలదు. మల్బరీ తోట చూస్తే వాడిపోతోంది. బావిలో నీళ్లున్నా, స్విచ్ వేస్తే మోటారు గుర్రుమంటూ నిలబడిపోయేది. అలా నిలబడినా స్విచ్ ఆపకుండా ఉంచినందుకే కాయిల్ ఒకసారి కాలింది. మామ కొత్తగా చుట్టి, ఆ మధ్యాహ్నమే బస్సులో తెచ్చి బిగించాడు. మళ్లీ కాలితే పురుగులను పారబోసుకోవడమే.

నాయన స్విచ్ మీద చెయ్యి వేయబోతే మామ ఆపాడు. "వద్దు బావా, వోల్టేజీ లేదు. తిరగలేక నిలబడిన మోటారు కరెంటు ఎక్కువ లాక్కొని కాలిపోతాది."

"కరెంటు ఉండాదంటావు, బలం లేదంటావు. ఏం మాటలప్పా ఇవి?" అని అవ్వ విసుక్కుంది.

మా కరెంటు లైను మీద మాకంటే ముందు ఉన్నది ఎగువ తోట. తాతకు రెండు మోటార్లు. కాసేపు ఆపమని నాయన అడిగితే, "కరెంటు గవర్మెంటుది. నా మోటార్లు తిరిగితే నీకెందుకబ్బా కడుపుమంట?" అన్నాడాయన.

మామ బొప్పాయి కాడ ఒకటి కోసి, ముల్లుతో వరసగా మూడు చిల్లులు పొడిచాడు. ఒక కొన చిల్లికుండకు గుచ్చి బురద మెత్తాడు, రెండో కొన మూసేశాడు. కుండను గోడ మీద పెట్టి, నీళ్లు తగ్గకుండా పోస్తూ ఉండమని అవ్వకు చెప్పాడు. ముందు రెండు చిల్లుల్లోంచి నీళ్లు చిమ్మాయి. చివరి దానిలోంచి బొట్లు రాలాయి.

"కుండ ఎత్తు వోల్టేజీ. కాడలో పారేది కరెంటు. అవ్వ పోసేది తక్కువేం కాదు. పైన రెండూ లాగేసరికి కొసన బలం మిగల్లేదు. పెద్దాయనా, నీ ఏళ్లు రెండు ఈడ పెట్టు."

తాత పెట్టాడు. చివరి చిల్లు నాయన చొక్కా తడిపింది. తాత వేళ్లు తీశాడు, మళ్లీ పెట్టాడు, మళ్లీ తీశాడు. చెరువు కాలువకు మా ఊళ్లో తరాలుగా వంతులున్నాయి. వంతు తప్పినవాడితో ఎవరూ మాట్లాడేవారు కాదు. కంటికి కనబడని కరెంటుకూ వంతు కావాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

"కాడలతో ఆడుకునేదానికా నువ్వు హిందూపురం పోయింది?" అని మామను దెప్పి, తాత చెయ్యి తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆయన ఏమనుకున్నాడో మాకు తెలియలేదు.

మరునాడు తెల్లవారేసరికి ఎగువ తోట నిశ్శబ్దంగా ఉంది. నాయన భయపడుతూ స్విచ్ వేశాడు. మోటారు వేగం అందుకుంది. తాత నోట్లో వేపపుల్లతో గట్టు మీదికి వచ్చాడు. "పొద్దెక్కేదాకా నీ వంతు. ఆనిక నా మోటార్లు ఏస్తే అరవొద్దు." నాయన కాలువ పక్కన కూర్చుని, కూర్చున్నట్టే నిద్రపోయాడు.

ఇప్పటికీ సాయంత్రం లైట్లు మసకబారితే నా గదిలో ఫ్యాను ఆపేసి కూర్చుంటాను. ఈ లైను కొసన ఎవరి మోటారు గుర్రుమంటూ నిలబడి ఉందో అనిపిస్తుంది.